చూపులేని ప్రయాణం నాటకమైనప్పుడు

జపాన్ పడమటి తీరాన ఎచిగో అనే ప్రాంతం ఉంది. ఇప్పటి నీగాతా అదే. మంచు విపరీతంగా కురిసే చోటు. ఒకప్పుడు ఆ పల్లెల మధ్య కొందరు ఆడవాళ్లు వరస కట్టి నడుస్తూ కనిపించేవారు. ముందు నడిచే మనిషి వీపు మీది మూటను వెనకామె ఒక చేత్తో తాకుతూ ఉండేది. వరసలో అందరికన్నా ముందున్న ఆమెకు ఎంతో కొంత చూపు ఉండేది, మిగిలినవారు అంధులు. వీళ్లను గోజె అనేవారు. షామిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయిస్తూ పొడవాటి కథాగేయాలు పాడటం వీళ్ల వృత్తి. ఏడాదిలో ఎక్కువ భాగం దారిలోనే గడిచేది. ఏ ఊళ్లో ఏ ఇంట్లో బస చేయాలో తరతరాలుగా ఖాయమై ఉండేది. రాత్రికి ఆ ఇంటికి ఊరంతా చేరి పాట వినేది. తకాదా, నాగఒకా పట్టణాల్లో వీళ్లకు సంఘాలు ఉండేవి. గురుశిష్య పరంపర, కఠినమైన కట్టుబాట్లు ఉండేవి. పెళ్లికి వీల్లేదు, మగవాడితో సంబంధం పెట్టుకున్న గోజెను సంఘం వెలివేసేది. ఆఖరి గోజెగా పేరు పొందిన కొబయాషి హరు 1900లో పుట్టి, పసికందుగా ఉన్నప్పుడే చూపు కోల్పోయి, 105 ఏళ్లు బతికి 2005లో కన్నుమూశారు. 1978లో జపాన్ ప్రభుత్వం ఆమెను గోజె పాటల పరంపరను నిలబెట్టిన కళాకారిణిగా గుర్తించింది.

చూపులేనివాళ్లు ఇల్లు కదలలేరని నమ్మే లోకానికి ఈ చరిత్ర ఒక్కటే చాలినంత జవాబు. వీళ్లు కదలడమే కాదు, కదలికనే జీవనాధారం చేసుకున్నారు. అందుకే లండన్‌లోని ఎక్స్‌టంట్ అనే నాటక సంస్థ 2019లో గోజెల కథను తీసుకుని ‘ఫ్లైట్ పాత్స్’ అనే ప్రదర్శనను రూపొందించింది. తూర్పు ఆసియా మూలాలున్న కళాకారుల సంస్థ ఎల్లో ఎర్త్ ఇందులో భాగస్వామి. ఎక్స్‌టంట్‌ను 1997లో స్థాపించినవాళ్లూ, ఇన్నేళ్లుగా నడుపుతున్నవాళ్లూ దృష్టిలోపం ఉన్న కళాకారులే. దాన్ని స్థాపించిన మారియా ఓషోడి కూడా అంధురాలు. దేశాలు దాటి బ్రిటన్ చేరిన ఈ కాలపు అంధ కళాకారుల అనుభవాలను గోజెల ప్రయాణాలతో కలిపి అల్లడం ఆ ప్రదర్శన ప్రత్యేకత. నేల మీద నడిచిన ఆ స్త్రీల కథను, పైనుంచి వేలాడే గుడ్డలను పట్టుకుని గాల్లో విన్యాసాలు చేసే దృష్టిలోపం ఉన్న కళాకారిణులు చెప్పారు. రంగం మీద ఏం జరుగుతోందో తెలిపే వర్ణన నాటకంలోనే మాటగా, ధ్వనిగా కలిసిపోయి ఉంది.

ఇలాంటి ప్రదర్శన గురించి విన్నప్పుడు మన మనసులో మూడు ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. నాటకం దేని గురించి? ఎవరు ఆడుతున్నారు? ఎవరికి అందుతోంది? అంధుల గురించిన నాటకం అంధులకు అర్థమయ్యేలా ఉండకపోవచ్చు. మన రంగస్థలం మీద చూపులేని పాత్రలు ఎన్నో వచ్చాయి, వాటిని చూపున్న నటులే వేశారు, చూపున్న ప్రేక్షకులే చూశారు. అంధులకు అందేలా ఆడిన నాటకం అంధుల గురించే కానక్కర్లేదు, పౌరాణికమైనా కావచ్చు. ఈ మూడు పోగులనూ విడదీసి చూడకపోతే చర్చ ఎంతసేపు సాగినా జాలి దగ్గరే ఆగిపోతుంది.

ముందు ప్రయాణం సంగతి చూద్దాం. చూపు లేకుండా ప్రయాణించడం అంటే చీకట్లో తడుముకోవడం అని చాలామంది ఊహ. నిజానికి అది నిరంతరం సమాచారం సేకరించే పని. తెల్లకర్ర కొన నేల మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కదులుతూ తర్వాతి అడుగు ఎక్కడ పడబోతోందో ముందే చెబుతుంది. సిమెంటు, మట్టి, గచ్చు, ఇనుప మూత, ఒక్కోదానికీ ఒక్కో చప్పుడు, ఒక్కో తాకిడి. పక్కన గోడ ఉంటే శబ్దం ఒకలా తిరిగి వస్తుంది, గోడ ఆగిపోయి సందు మొదలైతే ఇంకోలా వినిపిస్తుంది. చెంప మీద ఎండ ఏ వైపు పడుతోందన్నది దిక్కు చెబుతుంది. వాసనలు, వాహనాల రొద పోయే దిశ, మెట్ల దగ్గర జనం అడుగుల లయ మారడం, ఇవన్నీ గుర్తులే. ఇక జోరువాన వచ్చిందంటే ఈ గుర్తుల్లో సగం చెరిగిపోతాయి. కాబట్టి చూపులేనివారికి చీకటి కంటే వాన పెద్ద అడ్డంకి. ఈ సంగతి చూపున్న రచయితకు తట్టే అవకాశం తక్కువ.

మన ప్రాంతపు ప్రయాణాల్లో కష్టం మొదలయ్యేది నడకలో కాదు. బస్టాండులో పదుల సంఖ్యలో ప్లాట్‌ఫారాలు ఉంటాయి. వచ్చిన బస్సు ఎక్కడికి పోతుందో దాని నుదుటి బోర్డు మీదే రాసి ఉంటుంది. కండక్టరు కేక వేస్తే సరే, వేయకపోతే పక్కవాళ్లను అడగాలి. పక్కన ఎవరైనా ఉన్నారో లేదో ముందు తెలుసుకోవాలి. రైల్వే స్టేషన్‌లో బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెబుతారు, మన బోగీ ఎక్కడ ఆగుతుందో మాత్రం చాలా చోట్ల తలపైన వేలాడే బోర్డు మీద అంకెగా వెలుగుతుంది. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారిందంటే వంతెన మెట్ల మీద జనం ఒక్కసారిగా విరుచుకుపడతారు. ఢిల్లీ ఐఐటీ పరిశోధకులు ఈ తరహా ఇబ్బందుల మీద చాలాకాలంగా పని చేస్తున్నారు. మోకాలి పైన ఉండే అడ్డంకులను అతిధ్వని తరంగాలతో పసిగట్టి కంపనంగా తెలియజేసే స్మార్ట్‌కేన్ వాళ్లదే. ఆగిన బస్సు నంబరును ధ్వని ద్వారా చెప్పే ఆన్‌బోర్డ్ పరికరమూ వాళ్లదే.

రైల్వే చూపులేనివారికి స్లీపరు, మూడో తరగతి ఏసీ ఛార్జీల్లో 75 శాతం రాయితీ ఇస్తుంది. తోడు వచ్చేవారికీ అంతే రాయితీ ఉంటుంది. ఇది మంచి ఏర్పాటు, ఎన్నో కుటుంబాలకు ఆసరా. అయితే దీని వెనక ఒక ఊహ ఉంది. చూపులేని మనిషి ఎప్పుడూ తోడుతోనే వస్తాడని స్టేషన్లను కట్టినవాళ్లు అనుకున్నారు. ఒంటరిగా వచ్చిన మనిషికి మాత్రం ఆ భవనం ఏమీ చెప్పదు. నాటకానికి కావలసిన సంఘర్షణ అంతా ఇక్కడే ఉంది. పాత్ర కంట్లో ఏముందన్న దాన్ని వదిలేసి ఎదురుగా ఉన్న భవనం ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అని అడిగితే కథ తానే నడుస్తుంది.

రెండో సంఘర్షణ మనుషులతో. సాయం చేయబోయే మనిషి చాలాసార్లు అడగకుండానే చేయి పట్టి లాగుతాడు. వెళ్లనక్కర్లేని రోడ్డు దాటించేస్తాడు. సరైన పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. చూపులేని వ్యక్తే తోడొచ్చినవారి మోచేతిని పట్టుకుని అర అడుగు వెనకగా నడుస్తారు. తోడు మనిషి ఒంటి కదలికలోనే మెట్టు వచ్చిందని తెలిసిపోతుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారన్న ఈ చిన్న తేడాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న పెద్ద విషయం దాగి ఉంది. టికెట్ కౌంటరులో గుమస్తా పక్కనున్న తోడు మనిషిని చూసి "ఈయన ఎక్కడికి వెళ్లాలి?" అని అడగడం చూపులేని ప్రయాణికులందరికీ తెలిసిన సన్నివేశం. గోజెల వరసలో ఇదే చక్కగా కుదిరింది. దారి చూపే ఆమె కూడా ఆ బృందంలో మనిషే, ఆమె బతుకూ ఆ పాట మీదే.

చూపులేని యాత్రికుల మాట నమ్మకపోవడం కూడా పాతదే. జేమ్స్ హోల్మన్ అనే బ్రిటిష్ నావికాదళ అధికారి 25 ఏళ్ల వయసులో పూర్తిగా చూపు కోల్పోయాడు. తర్వాత ఒంటరిగా ఐరోపా తిరిగాడు, రష్యా మీదుగా సైబీరియా దాకా వెళ్లాడు. గూఢచారి అన్న అనుమానంతో జారు ప్రభుత్వం అతన్ని సరిహద్దు దాకా తీసుకెళ్లి వదిలేసింది. 1827 నుంచి 1832 వరకు సాగిన యాత్రలో భూగోళాన్ని చుట్టి వచ్చాడు. లోహపు కొన ఉన్న కర్రను నేలకు కొట్టి ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకునేవాడు. రాసుకోవడానికి తీగలు బిగించిన నాక్టోగ్రాఫ్ అనే పలక వాడేవాడు. అతని పుస్తకాలు జనం చదివారు. చూడనివాడు చూసినట్టు ఎలా రాస్తాడని ఎద్దేవా చేసినవాళ్లూ ఉన్నారు. ఒక ఊరిని తెలుసుకోవడం అంటే దాన్ని కంటితో చూడటమే అన్న పట్టుదల ఆ వెటకారం వెనక ఉంది. బ్రిటన్‌లో 2004లో అమర్ లతీఫ్ అనే అంధుడు స్థాపించిన ట్రావెలైజ్ అనే యాత్రా సంస్థ ఆ పట్టుదలను వేరే పద్ధతిలో ఎదుర్కొంది. చూపున్నవారినీ లేనివారినీ జంటలుగా కలిపి ఊళ్లు తిప్పుతుంది. చూపున్నవారు చూసింది చెబుతారు, మాటల్లో పెట్టవలసి వచ్చేసరికి వాళ్లూ మరింత శ్రద్ధగా చూస్తారు.

చీకటి గది చెప్పేదెంత?

ఈ అనుభవాన్ని చూపున్నవారికి తెలియజేయాలనుకున్నప్పుడు అందరికీ ముందుగా తట్టేది దీపాలు ఆర్పడం. ఆండ్రియాస్ హైనెకె 1988లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలుపెట్టిన ‘డైలాగ్ ఇన్ ద డార్క్’ ఈ కోవలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది. కటిక చీకట్లో పార్కు, సంత, రోడ్డు వంటి చోట్ల గుండా సందర్శకులను చూపులేని మార్గదర్శి నడిపిస్తారు. 2011లో హైదరాబాద్‌లోని ఇనార్బిట్ మాల్‌కూ అది వచ్చింది, కనుక తెలుగువారిలో చాలామందికి ఈ అనుభవం కొత్త కాదు. అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఐరిస్‌లో 2008 నుంచి ఉన్న తెయాత్రో సియెగో అనే నాటకశాలలో నాటకమంతా చీకట్లోనే జరుగుతుంది.

ఈ రెండూ ఒకటే అనిపిస్తుంది కానీ వీటి మధ్య పెద్ద తేడా ఉంది. తెయాత్రో సియెగోలో చీకటి మాధ్యమం. మాట, సంగీతం, వాసన, నటుడు పక్కనుంచి నడిచి వెళ్తే తగిలే గాలి, వీటితోనే కథ చెబుతారు. అక్కడ చూపు ఉన్నా లేకపోయినా ప్రేక్షకులు సమానం. ఇంకోచోట చీకటి ఒక నకలు. అంధులు ఇలా బతుకుతారు చూడండి అని చెప్పడానికి వాడేది. చిక్కు ఈ రెండో దానితోనే. అప్పటికప్పుడు కళ్లు మూసుకున్న మనిషికి కలిగేది మొదటి అరగంట భయం. కర్ర పట్టడం రాదు, శబ్దాన్ని చదవడం రాదు. ఏళ్ల తరబడి అభ్యాసంతో వచ్చిన నేర్పు అతనికి ఎక్కడి నుంచి వస్తుంది? ఆరియెల్ సిల్వర్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె కూడా అంధురాలే, సహచరులతో కలిసి చేసిన ప్రయోగాలు 2015లో ప్రచురితమయ్యాయి. కళ్లకు గంతలు కట్టుకుని పనులు చేసి చూసినవాళ్లు, ఆ తర్వాత చూపులేనివారి ఉద్యోగ సామర్థ్యాన్నీ స్వతంత్ర జీవన సామర్థ్యాన్నీ తక్కువగా అంచనా వేశారని తేలింది. సానుభూతి పెరిగినట్టే ఉంటుంది, గౌరవం మాత్రం తగ్గుతుంది.

ఇంకో మాట. దృష్టిలోపం ఉన్నవారిలో ఎక్కువమందికి ఎంతో కొంత చూపు మిగిలి ఉంటుంది. కొందరికి వెలుగూ నీడా తెలుస్తాయి, కొందరికి గొట్టంలోంచి చూసినట్టు మధ్యభాగమే కనిపిస్తుంది, కొందరికి మధ్యలోనే మసక. కటిక చీకటి వీళ్లలో చాలామంది అనుభవానికి దగ్గరగా కూడా రాదు. డైలాగ్ ఇన్ ద డార్క్‌ను పూర్తిగా కొట్టిపారేయలేను. దారి తెలిసిన మనిషి అంధుడు, తెలియని మనిషి చూపున్నవాడు అన్న తారుమారు అక్కడ నిజంగా జరుగుతుంది, అంధులకు అది కొలువు కూడా. కానీ ప్రయాణం గురించి నాటకం రాసేవాళ్లు దీపాలు ఆర్పడంతో తమ పని అయిపోయిందనుకుంటే వాళ్లు చెప్పగలిగింది భయం ఒక్కటే. భయం ప్రయాణంలో చిన్న భాగం.

వర్ణన ఎక్కడి నుంచి రావాలి

ఇక నాటకం చూపులేనివారికి అందడం సంగతి. దీనికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పద్ధతి ఆడియో వర్ణన. దీని గురించి గ్రెగరీ ఫ్రేజియర్ 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశాడు. రంగస్థలం మీద క్రమపద్ధతిలో మొదలైంది 1981లో, వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ నాటకశాలలో. చూపులేనివారి కోసం పత్రికలు చదివి వినిపించే రేడియో సేవను నడుపుతున్న మార్గరెట్, ఆమె భర్త కోడీ ఫాన్‌స్టీల్ దానికి రూపం ఇచ్చారు. మార్గరెట్‌కు కూడా చూపు సరిగా లేదు. బ్రిటన్‌లో 1998లో పుట్టిన వోకల్ ఐజ్ సంస్థ నాటకాలకూ ప్రదర్శనశాలలకూ ఇలాంటి వర్ణనలు అందిస్తోంది.

పని తీరు ఇలా ఉంటుంది. వర్ణించేవారు నాటకాన్ని ముందే పలుమార్లు చూసి మాటలు లేని ప్రతి ఖాళీ క్షణాన్నీ గుర్తు పెట్టుకుంటారు. ప్రదర్శన రోజు అద్దాల గదిలో కూర్చుని, సంభాషణల మధ్య దొరికే ఖాళీల్లో చిన్న చిన్న వాక్యాలు చెబుతారు. ప్రేక్షకులు ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని అది వింటారు, రెండో చెవి రంగానికి వదిలేస్తారు. తెర లేవడానికి ముందు రంగసజ్జ, దుస్తులు, పాత్రల రూపురేఖల పరిచయం ఉంటుంది. చాలా చోట్ల స్పర్శ పరిచయం కూడా ఉంటుంది. ప్రేక్షకులు వేదిక ఎక్కి కుర్చీలు, తలుపులు, కిరీటాలు, బట్టల నేత చేత్తో తడిమి చూస్తారు, నటులు తమ గొంతు వినిపించి ఫలానా పాత్ర నాది అని చెబుతారు.

వినడానికి తేలికే, చేయడం కష్టం. తండ్రి ఒక ఉత్తరం చదివి, కూతురు వచ్చే అలికిడికి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడనుకుందాం. వర్ణించేవారికి దొరికేది రెండు సెకన్లు. "ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు" అనాలా, "ఉత్తరాన్ని దాచేశాడు" అనాలా? మొదటిది జరిగిన పని చెబుతుంది, అర్థాన్ని ప్రేక్షకుడికి వదిలేస్తుంది. రెండోది ఉద్దేశాన్ని కూడా చెప్పేస్తుంది. తటస్థంగా ఉండటమే వర్ణించేవారి ధర్మమని చాలాకాలం నేర్పారు. కానీ ఏ వివరం చెప్పాలో, ఏది వదిలేయాలో ఎంచుకోవడంలోనే తటస్థత పోతుంది. ఒంటి రంగు, వయసు, శరీరం, వైకల్యం గురించి చెప్పాలా వద్దా అన్న మీమాంస ఇందులోదే. తెల్లవారైతే ఏమీ చెప్పకుండా, కానివారైతేనే రంగు చెప్పే అలవాటు ఎంత తప్పో వోకల్ ఐజ్, లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాల కలిసి 2020లో వెలువరించిన నివేదిక చర్చించింది. మన నాటకాల్లో ఇదే ప్రశ్న బొట్టు, టోపీ, పంచె కట్టు, చేతిలో సంచి దగ్గర వస్తుంది. వేదిక మీద కులం, మతం, తరగతి అన్నీ చాలావరకు దుస్తుల్లోనే పలుకుతాయి. అది చెప్పకపోతే కథ అందదు. చెబితే వర్ణించేవారి పక్షపాతం బయటపడుతుంది.

ఈ పద్ధతికి ఇంకో పరిమితి ఉంది. నాటకం తయారయ్యాక చివర్లో దీన్ని అతికిస్తారు. నెల రోజులు ఆడే నాటకంలో ఒకటో రెండో ప్రదర్శనలకే వర్ణన ఉంటుంది. అంధ ప్రేక్షకులు ఆ రోజే రావాలి. హాలంతా నవ్వాక ఒక క్షణం ఆలస్యంగా వాళ్లు నవ్వాలి. అందుకే ఎక్స్‌టంట్ వంటి సంస్థలు, వికలాంగ కళాకారులతో 1980లో మొదలైన గ్రేఐ సంస్థ ఇంకో దారి పట్టాయి. అందుబాటును రచన దశలోనే నాటకంలో కలిపేస్తారు. పాత్రలు తమ కదలికను తామే చెప్పుకుంటాయి, లేదా కథకుడు చెబుతాడు, లేదా ధ్వనే చెబుతుంది. ఆ తండ్రి ఉత్తరం మడిచే చప్పుడు హాలు చివరిదాకా వినిపించేలా మందపాటి కాగితం ఎంచుకోవడం దర్శకుడి పని అవుతుంది. వర్ణన సాయంగా కాక శైలిగా మారుతుంది.

ప్రయాణం గురించిన నాటకానికి ఈ దారి మరీ బాగా అతుకుతుంది. ఎక్స్‌టంట్ 2015లో చేసిన ‘ఫ్లాట్‌ల్యాండ్’ దీనికి నాకు తెలిసినంతలో అందరికన్నా ముందుకు పోయిన ఉదాహరణ. రెండు పరిమాణాల లోకం గురించి 1884లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవల దానికి ఆధారం. లండన్‌లోని సదర్క్‌లో వాడకంలో లేని ఒక చర్చిని చీకటి చేసి, అందులో ప్రేక్షకులను నడిపించారు. చూపున్నవారూ లేనివారూ కలిసే వెళ్లారు. ప్రతి ఒక్కరి చేతిలో ఆనిమోటస్ అనే పిడికెడు ఘనం. ఆడమ్ స్పయర్స్ అనే రోబోటిక్స్ పరిశోధకుడు దాన్ని తయారుచేశాడు. ఎటు వెళ్లాలో ఆ ఘనం పై సగం అటు తిరుగుతుంది. ఇంకా ఎంత దూరమో చెప్పడానికి ముందుకు జరుగుతుంది. చేరగానే సర్దుకుని మామూలు ఘనమవుతుంది. మోగదు, మాట్లాడదు.

ఎందుకు మాట్లాడదన్నదే అసలు విషయం. ఫోనులో దారి చెప్పే యాప్‌లన్నీ చెవిలో మాట్లాడతాయి. చూపులేని ప్రయాణికుడికి చెవి అప్పటికే పనిలో ఉంది. వాహనం వస్తోందా, గోడ అయిపోయిందా, పక్కన ఎవరు అన్నది ఆ చెవే చెప్పాలి. దాన్ని ఆక్రమించే పరికరం ఎంత తెలివైనదైనా సగం దారిని మూసేస్తుంది. చేతికి చెప్పే పరికరం చెవిని వదిలేస్తుంది. ఇది ప్రయాణానికి ఎంత ముఖ్యమో నాటకానికీ అంతే ముఖ్యం, ఎందుకంటే నాటకం వినబడాలి. ఒక ప్రదర్శన కోసం కట్టిన వస్తువు ద్వారా అంధుల నడక గురించి పరిశోధకులకు కొత్త సంగతులు తెలిశాయి. కళ పరిశోధన వెనక నడవలేదు, పక్కనే నడిచింది.

మన దగ్గర ఉన్నది

తెలుగు రంగస్థలానికి ఇదంతా దూరదేశపు వ్యవహారంగా కనిపించనక్కర్లేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర చాటు నుంచి జడ మాత్రమే చూపించి, తర్వాత ప్రవేశ దరువులో తానెవరో, తన అందమేమిటో, తన గొప్పేమిటో తన నోటితోనే చెప్పుకుంటుంది. నటుడు వేదిక మీదికి రాగానే తన రూపాన్ని తానే వర్ణించుకోవడం పడమటి దేశాల్లో అందుబాటు కోసం ఇటీవల కనిపెట్టిన పద్ధతి. యక్షగానంలో, వీధి భాగవతంలో అది కథ నడిచే తీరు. బుర్రకథలో కథకుడు తంబుర మీటుతూ గుర్రం ఎక్కిందీ, కోట చేరిందీ, కత్తి దూసిందీ మాటల్లోనే చెబుతాడు. పక్కన వంతలు అడిగే ప్రశ్నలు కథలో ఖాళీలను పూరిస్తాయి. హరికథలో ఒక్కరే అన్ని పాత్రలూ. పద్యనాటకానికి వెళ్లినవాళ్లు చాలామంది కళ్లు మూసుకునే విన్నారు. రాయబారం పద్యం ఎత్తుకోగానే కృష్ణుడెవరో, దుర్యోధనుడెవరో గొంతుతో, రాగంతో తెలిసిపోతుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక రేడియో నాటకం ఇంటింటికీ వచ్చింది. తలుపు తీసిన చప్పుడు, అడుగు దూరమయ్యే తీరు, పాత్ర పేరు సంభాషణలోనే దొర్లించడం, ఈ మెలకువలన్నీ మన రచయితలకు తరాలుగా తెలుసు.

సినిమా ప్రభావంతో వచ్చిన డ్రాయింగ్ రూము నాటిక దగ్గర ఈ నేర్పు వెనక్కి పోయిందని నా అభిప్రాయం. కన్నీరు తుడుచుకోవడం, ఫొటో వైపు చూసి ఆగడం, లైటు రంగు మారడం వంటి వాటి మీద కథ మలుపులు నిలబడ్డాయి. ఇవి తప్పని కాదు. కానీ ఒక మలుపు పూర్తిగా చూపు మీదే ఆధారపడితే ఆ హాల్లో కొందరికి నాటకం అక్కడే ఆగిపోతుంది. పరిషత్తు నాటికల్లో ధ్వని మీద పెట్టే శ్రద్ధ లైటింగు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఉండాలి.

చట్టం కూడా ఈ వైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 29వ సెక్షన్ కళను వికలాంగులకు అందుబాటులోకి తేవడాన్ని ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. రాజీవ్ రాతూరి అనే దృష్టిలోపం ఉన్న వ్యక్తి 2005లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ రోడ్లు, రవాణా, భవనాలు అందరికీ అందాలని అడిగింది. 2017లో కోర్టు గడువులతో ఆదేశాలిచ్చింది. అమలు ఎలా ఉందో పరిశీలించే పనిని హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక వెలుగులో 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన, 2016 చట్టం కింద చేసిన నియమావళిలోని 15వ నిబంధన ఆ చట్టానికే విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలు రూపొందించాలని కోర్టు తేల్చింది. అదే ఏడాది సినిమా హాళ్లలో చూపు, వినికిడి లోపాలున్నవారి కోసం కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. బస్టాండు, ప్రేక్షకశాల ఒకే హక్కు కిందికి వస్తాయి. ఇంటి నుంచి హాలు దాకా రాలేని మనిషికి హాల్లో వర్ణన ఉండి ఏం లాభం? ఇందుకే ప్రయాణం గురించిన నాటకాన్ని అందుబాటు నాటకంగా ఆడటంలో ఒక సబబు ఉంది. టికెట్ కొన్న అంధ ప్రేక్షకుడు ఇంటి గుమ్మం నుంచి సీటు దాకా ఎలా వచ్చాడన్నది నిర్వాహకులు పట్టించుకోవలసి వస్తుంది.

మన ఊళ్లో ఒక నాటక సమాజం ఇలాంటి ప్రయత్నం చేయాలనుకుంటే ఖర్చు భయపెట్టేంత ఉండదు. హెడ్‌ఫోన్ల వ్యవస్థ లేకపోయినా ఫరవాలేదు. పాత్రల పరిచయం, రంగసజ్జ వివరం అయిదు నిమిషాల ఆడియోగా రికార్డు చేసి ముందు రోజే వాట్సాప్‌లో పంపవచ్చు. పోస్టరును బొమ్మగా మాత్రమే పంపితే, ఫోనులోని అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు కాబట్టి వివరాలు అక్షరాల్లోనూ పెట్టాలి. బస్సు దిగే చోటు నుంచి హాలు తలుపు దాకా దారి మాటల్లో రాసి ఇవ్వాలి. ఎన్ని అడుగులు, ఎటు మలుపు, ఎక్కడ మెట్టు అన్నీ అందులో ఉండాలి. తెర లేచేందుకు అరగంట ముందు వేదిక మీదికి రానివ్వాలి. బస్టాండు సన్నివేశానికి టేపు మోగించే బదులు, నటులు హాలు నాలుగు వైపుల నుంచీ "గుంటూరు, గుంటూరు", "ఏలూరు, ఏలూరు" అని కేకలు వేస్తే, ఏ బస్సు ఎటు ఉందో ప్రేక్షకులందరూ పాత్రతో పాటే చెవితో వెతుక్కుంటారు. రచన దశలోనూ రిహార్సల్‌లోనూ చూపులేనివారు బృందంలో ఉండాలి. ఆఖర్న పిలిచి ఎలా ఉందని అడిగితే వాళ్లు మర్యాదకు బాగుందనే అంటారు.

ముఖ్య పాత్రను చూపులేని నటుడే వేయాలన్నది నా పట్టుదల. కర్ర ఊపే తీరు, తల తిప్పి వినే తీరు, సాయం చేయబోయిన చేతిని నొప్పించకుండా విడిపించుకునే తీరు, ఇవి అనుకరణలో ఎప్పుడూ ఒక పాలు ఎక్కువవుతాయి. వేదిక అంచు నుంచి పడిపోతారని భయపడే దర్శకులకు చూపులేని నటులు వాడే ఉపాయం ఒకటి ఉంది. అంచుకు మూడడుగుల ఇవతల, నేల మీద సన్నటి తాడు పరిచి పైన టేపు అంటిస్తారు. పాదానికి అది తగలగానే ఎక్కడున్నామో తెలుస్తుంది. అడ్డంగా ఇంకో తాడు వేస్తే వేదిక మధ్యభాగం తెలుస్తుంది. ఆ తాళ్లు మొదటి రిహార్సల్ రోజునే పడాలి. ప్రదర్శనకు ముందు రోజు వేస్తే పాదాలకు అలవాటయ్యే వ్యవధి ఉండదు.